నళిని చేసే నూడుల్స్

మెట్ల మీదే పైడమ్మ కాళ్ళు ఆగిపోయాయి. చేతిలో కూరల సంచి అలాగే వేలాడుతోంది. వంటింట్లోంచి వేడి మూకుట్లో పడ్డ చింతపండు గుజ్జు వాసన వచ్చింది. దాని వెనకే వేయించిన వేరుశెనగ గుళ్ళ వాసన.

"నళినీ!" అని పిలిచింది.

పిలిచాక గానీ తనేం చేసిందో ఆమెకి తెలియలేదు.

వంటింటి గుమ్మంలోకి కోడలు భావన వచ్చింది, చేతిలో అట్లకాడతో. ముందుగదిలో కూర్చున్న హరీష్ తల్లి మొహం చూసి లేచి నిలబడ్డాడు. కింద గుఢియారీ మార్కెట్లో ఎవరో ఉల్లిపాయల ధర అరుస్తున్నారు. ఆ అరుపొక్కటే ఇంట్లో వినిపించింది.

కూతురు నళిని పోయి నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో ఆ వాసన ఈ ఇంట్లోకి రాలేదు.

"ఏటి వండుతున్నావు?" అంది పైడమ్మ చివరికి.

"మావయ్య అడిగారత్తయ్యా," అంది భావన. "నిన్న సాయంత్రం. ఏం తింటారు మావయ్యా అంటే, నళిని చేసే థాయి నూడుల్స్ పెడతావా అన్నారు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే."

"నాకేల చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకోవని నేనే వద్దన్నానమ్మా," అన్నాడు హరీష్.

పైడమ్మ సంచి కింద పెట్టి, కొడుకుని దాటుకుని వంటింట్లోకి వెళ్ళింది.

భర్త మల్లేశ్వరరావు గుండెకి స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చి నెల కాలేదు. రైల్వేలో గూడ్స్ గార్డుగా పని చేసిన మనిషి. ఎండలోనూ వానలోనూ బండి వెనక పెట్టెలో కూర్చుని, కట్టుకెళ్ళిన క్యారేజీ గిన్నె తుడిచినట్టు తినేసేవాడు. ఇప్పుడు రెండు ముద్దలు తిని చాలంటున్నాడు. మొన్న చూపించడానికి తీసుకెళ్తే, తూకం చూసి డాక్టరు మొహం చిట్లించాడు. ఇలాగే ఉంటే మళ్ళీ చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు. నూనె, ఉప్పు, తీపి మాత్రం బాగా తగ్గించమన్నాడు.

పైడమ్మ మూకుడు మీద మూత తీసింది.

ఆవిరి తగ్గేదాకా చూసింది. తర్వాత వేలితో ఒక పోగు పైకి తీసింది. తెల్లగా, సన్నగా, కాస్త మెరుస్తూ ఉంది. అది నూడుల్ కాదు.

"క్యాబేజీ," అంది.

"అవునత్తయ్యా. నూడుల్స్ బరువుగా ఉంటాయి కదా, కొంచెమే వేసి మిగతాది క్యాబేజీ వేశాను. నూనె ఒక్క చెంచానే. బెల్లం కూడా..."

"ఇలగ పొడుగ్గా, దారాల్లాగ కొయ్యమని నీకెవులు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నూడుల్స్‌లాగే కనిపిస్తే మావయ్యకి తేడా తెలీదని..."

"ఎవులు చెప్పారు?"

ఆ గొంతుకి భావన ఒకడుగు వెనక్కి వేసింది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చి రెండేళ్ళు. అత్తగారు విసుక్కోవడం విన్నది, సాధించడం విన్నది. ఇలా భయపడడం ఎప్పుడూ వినలేదు.

"అమ్మా, బస్ చెయ్, ఇక చాలు," అన్నాడు హరీష్ లోపలికొస్తూ. "తనకేం తెలుసు? డాక్టరు తేలిగ్గా పెట్టమన్నాడు, తను తేలిగ్గా వండింది. అంతే."

"తేలిగ్గా!" పైడమ్మ మూత ఠప్పున పడేసింది. "ఆ మాట ఈ ఇంట్లో ఎత్తకు. తేలిక, తేలిక అనే నా పిల్ల తేలిపోయింది."

"ఎవరన్నారమ్మా ముందు? భిలాయి వాళ్ళు పెళ్ళిచూపులు చూసెళ్ళిన మర్నాడే, చెల్లికి రాత్రుళ్ళు అన్నం మాన్పించిందెవరు? ఆ సన్నబడే పొడి డబ్బా తెమ్మందెవరు?"

"తెమ్మన్నది నానే. తెచ్చిందెవుడు? బండి మీద తెలీబంధా తీసుకెళ్ళి చెరువు చుట్టూ పరిగెట్టించిందెవుడు? 'ఇంకో చుట్టు తిరుగు మోటీ' అని నవ్విందెవుడు?"

హరీష్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

మోటీ అంటే ఈ హిందీ ఊళ్ళో లావుపాటి ఆడపిల్లని ఏడిపించే మాట. చెల్లెల్ని చిన్నప్పట్నుంచీ అలాగే పిలిచాడు. ముద్దుగానే పిలిచాననుకున్నాడు. చెల్లెలు పోయాక ఆ మాట ఎక్కడ వినబడినా, బజారులో అయినా సరే, వెనక్కి తిరిగి చూస్తాడు.

నిజానికి నళిని అంత లావు కాదు. వంట చదువు చదివి, తెలీబంధా చెరువు ఎదురుగా ఒక రెస్టారెంటు వంటింట్లో ఉద్యోగం చేసేది. ఈ థాయి వంట అక్కడే నేర్చుకుంది. ఒక ఆదివారం ఇంట్లో చేసి పెడితే మల్లేశ్వరరావు రెండు ప్లేట్లు తిని, మూడోది అడగడానికి మొహమాటపడి, మూకుడు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే వంట.

భిలాయి నుంచి వచ్చినవాళ్ళు పిల్ల బాగుందన్నారు, కొంచెం బొద్దుగా ఉందన్నారు. తిరిగి కబురు రాలేదు. అప్పట్నుంచి నళిని ఇంటిల్లిపాదికీ ఎప్పటిలాగే వండిపెట్టి, తనకి మాత్రం వేరే చిన్న మూకుట్లో ఇంకోటి చేసుకునేది. నూనె చుక్క, ఉప్పు చిటికెడు, నూడుల్స్ బదులు దారాల్లా తరిగిన క్యాబేజీ. పోనుపోను ఆ క్యాబేజీ కూడా సగం వదిలేసేది. ఒక తెల్లవారుజామున, చెరువు గట్టున నడుస్తూ నడుస్తూ పడిపోయింది. మళ్ళీ లేవలేదు. ఒంట్లో లవణాలు పడిపోయి గుండె ఆగిందన్నారు.

ఆ పొద్దు హరీష్‌కి భన్‌పురిలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు డ్యూటీ. చెల్లెలు ఒక్కతే వెళ్ళింది.

ఇదంతా భావనకి తెలుసు. పెళ్ళికి ముందే చెప్పారు. తెలియనిది క్యాబేజీ సంగతి ఒక్కటే. అత్తగారి భయం చూశాక అదీ అర్థమై, మూకుట్లోకి మళ్ళీ చూసింది. ఎప్పుడూ చూడని మనిషి చేతి వంట తన చేతుల్లోంచి ఎలా వచ్చింది?

"పైడీ!"

లోపలి గదిలోంచి మల్లేశ్వరరావు గొంతు. బలహీనంగా ఉంది, కానీ అందులో చాలా రోజులుగా లేని ఆత్రం ఉంది.

"పైడీ, పిల్ల వచ్చిందేటి?"

పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హరీష్ గోడవైపు తిరిగాడు. ఇద్దరిలో ఎవరూ కదలరని తెలిసి భావనే వెళ్ళింది.

ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కోడల్ని చూసి కళ్ళు దించుకున్నాడు.

"నిద్రమత్తమ్మా. వాసనొచ్చింది, అంచేత..."

"మీరడిగిందే మావయ్యా. తెస్తానుండండి."

ప్లేటు తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఆయన చెంచా పట్టుకున్నాడు. పైనున్న వేరుశెనగ ముక్కల్ని పక్కకి తోశాడు. అడుగు నుంచి ఒక పోగు తీసి, వెలుతురుకి పట్టి చూసి, ప్లేటు అంచు మీద పెట్టాడు. ఇంకోటి తీశాడు. అదీ అంచు మీద పెట్టాడు.

"ఇది మాకు పెట్టేది కాదమ్మా," అన్నాడు. "నళిని తన కోసం చేసుకునేది."

"మావయ్యా, ఒక్క ముద్ద..."

"ఇది నేను తినలేను తల్లీ." కసురుకోలేదు. ప్లేటుని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి ఆమెకి తిరిగి ఇచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గుమ్మంలో నిలబడి పైడమ్మ అంతా చూసింది.

భావన వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి మీద ఖాళీ మూకుడు ఉంది. పైడమ్మ నూనె డబ్బా ఎత్తి ధారగా పోస్తోంది.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

"అసలుది చేస్తాను. పిల్ల ఎలగ చేసేదో అలగే. నూనె ఉండాలి, బెల్లం ఉండాలి, గుడ్లుండాలి. కడుపు నిండా తింటారు."

"స్టెంట్ వేసి నెల కాలేదు!" భావన డబ్బా పట్టుకుంది. పైడమ్మ వదల్లేదు. ఇద్దరి మధ్యా డబ్బా ఒరిగి గట్టు మీద నూనె ఒలికింది.

"పోస్తే ప్రమాదం. పొయ్యకపోతే ముట్టుకోరు," అంది పైడమ్మ. "మరేటి చెయ్యమంటావు నన్ను? ఆ పిల్లా ఇలాగే ప్లేటు తోసేసేది. ఇలాగే 'చాలమ్మా' అనేది. నాను సంబరపడేదాన్ని, బుద్ధిగా తగ్గించుకుంటోందని. ఇప్పుడు ఈయన తోసేస్తుంటే నాకు ఆ చెయ్యే కనిపిస్తోంది."

భావన డబ్బా లాక్కుని కింద పెట్టింది. ఈ ఇంట్లో ఆమె ఎన్నడూ గొంతు పెంచలేదు. ఇప్పుడు పెంచింది.

"నళిని తినకూడదని వండుకుంది అత్తయ్యా. నేను మావయ్య తినాలని వండుతున్నాను. ఆ రెండూ ఒకటి ఎలా అవుతాయి?"

ఒలికిన నూనె గట్టు అంచుకి పాకి, చుక్కలుగా నేల మీద పడుతోంది. పైడమ్మ గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టింది. తుడిచి తుడిచి, తల ఎత్తకుండానే అడిగింది.

"అయితే ఎలగ వండుతావు?"

"క్యాబేజీ వద్దు," అంది భావన. "దొంగ నూడుల్స్ అసలొద్దు. గుప్పెడే వేద్దాం, కానీ నిజమైనవే వేద్దాం. మిగతావి ఏది ఏదో తెలిసేలాగే ఉండనీ."

మూకుట్లో నూనెని వంచేసి, అడుగున అంటుకున్న చెంచాడే ఉంచింది. చదునుగా ఉండే బియ్యం నూడుల్స్‌ని వేడి నీళ్ళలో నానబెట్టింది. పైడమ్మ చింతపండు పిసికింది. క్యారెట్‌ని పెద్ద ముక్కలుగా కోసింది భావన. ఉల్లికాడలు, పెసర మొలకలు, కాసిని పనీర్ ముక్కలు పక్కన పెట్టింది. రెండు గుడ్లు కొట్టి పచ్చసొన తీసేసింది.

"నూనె లేకపోతే అడుగంటుతాయి కదే."

"కూరగాయలు ఉడికించిన నీళ్ళున్నాయిగా. మూకుడు బాగా కాలాక కొంచెం కొంచెం చిలకరిస్తే విడివిడిగా వస్తాయి. వేరుశెనగలు మాత్రం కచ్చాపచ్చాగా దంచండత్తయ్యా. అలా అయితే కొన్ని వేసినా ప్రతి ముద్దలోనూ తగుల్తాయి."

పైడమ్మ రోలు ముందు కూర్చుంది. రెండు దెబ్బలు వేసి ఆగింది. మళ్ళీ దంచింది. మధ్యలో ఒకసారి, వెనక నుంచి ఎవరో దాటి వెళ్తున్నట్టు కాస్త ముందుకి జరిగి దారి ఇచ్చింది. భావన పొయ్యి దగ్గరే ఉంది. వెనక ఎవరూ లేరు. పైడమ్మ తను జరిగిన సంగతి గమనించలేదు. భావన గమనించి, చేతిలో అట్లకాడ ఆపి, మళ్ళీ తిప్పింది.

ఇరుకు వంటిల్లు అది. ఇద్దరు పని చేస్తే ఒకరికొకరు దారి ఇచ్చుకోవాల్సిందే.

దించే ముందు భావన నిమ్మకాయ అందుకుంది.

"ఇప్పుడు కాదు," అంది పైడమ్మ. "దించాక పిండేది. ముందే పిండితే చేదెక్కుతుందనేది."

అన్నాక ఆమే ఆశ్చర్యపోయింది. నళిని గురించి మాట్లాడితే చావు గురించే మాట్లాడింది ఇన్నాళ్ళూ. ఆ పిల్ల ఎలా పోయిందో, ఎవరి వల్ల పోయిందో. నిమ్మకాయ ఎప్పుడు పిండేదో ఎవరికీ చెప్పలేదు.

"ఇంకేం చేసేది అత్తయ్యా?"

"మూకుడు దించుతూ అరిచేది. 'నాన్నా, చల్లారితే నా పూచీ లేదు' అని." పైడమ్మ ఒక పోగు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్ళు మూసుకుని నమిలింది. "పులుపు చాలదు," అంది.

భావన ఇంకాస్త చింతపండు వేసింది.

ఈసారి ప్లేటు హరీష్ పట్టుకెళ్ళాడు. తండ్రిని లేవదీసి కూర్చోబెట్టాడు. మల్లేశ్వరరావు ప్లేటులోకి చూశాడు. నారింజరంగు క్యారెట్, పచ్చటి కాడలు, మొలకలు, వాటి మధ్య నిగనిగలాడుతూ నూడుల్స్. తక్కువే ఉన్నాయి. కానీ నూడుల్స్ కానివేవీ నూడుల్స్‌లా కనిపించడం లేదు.

ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. మింగాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు. హరీష్ పక్కనే భావన నిలబడి చూస్తోంది.

మూడో చెంచా సగంలో ఆపి, ఆయన భావన కేసి చూశాడు. ఆ చూపు ఆమె మీద పడి ఆగలేదు. ఆమెని దాటి, ఆ వెనక ఇంకెవరో నిలబడి ఉన్నట్టు చూశాడు.

"నువ్వు తిన్నావా నళినీ?" అన్నాడు.

"నాన్నా," అన్నాడు హరీష్ కంగారుగా, "ఇది భావన..."

భావన అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ క్షణంలో ఆమె ఏమీ ఆలోచించలేదు. ఆయన చెంచా గాల్లో ఆగి ఉంది. జవాబు రాకపోతే అది ప్లేటులోకి దిగిపోతుందని మాత్రం తెలిసింది.

"తింటున్నాను నాన్నా," అంది.

వంటింట్లోకి వెళ్ళి ఇంకో ప్లేటులో పెట్టుకుని వచ్చి, మంచం ఎదురుగా నేల మీద కూర్చుంది. ఒక ముద్ద తింది. ఆయన ఒక ముద్ద తిన్నాడు. ఆమె ఆగితే ఆయన ఆగాడు. అందుకని ఆమె తింటూనే ఉంది. తన నోటితో ఇంకెవరో తింటున్నట్టుంది ఆమెకి. నడుమ హరీష్ లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి అక్కడ్నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

ప్లేటు ఖాళీ అయింది. అడుగున మిగిలిన వేరుశెనగ పలుకుల్ని కూడా వేలితో అద్దుకుని తిన్నాడాయన.

భావన ప్లేటు తీసుకోబోతే మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు భావనవని నాకు తెలుసమ్మా. మతి పోలేదు నాకు."

"మరి అలా ఎందుకు పిలిచారు మావయ్యా?"

"అలగ అడిగితే ఎవరైనా జవాబిస్తారేమోనని. నువ్విచ్చావు." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అది ఎదురుగా నిలబడి వడ్డిస్తుంటే, తినడమే నా పని. దాని మూకుడు వేరే అయిందని చూశాను. నువ్వు తిన్నావా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు."

"ఇప్పుడవన్నీ ఎందుకు మావయ్యా? పడుకోండి."

"ఇంకోటి కూడా అడగలేదు. అది మీ అత్తని అడగాలి. ఆ పొద్దు పిల్ల చెరువుకి వెళ్తుంటే తలుపు తీసింది మీ అత్తే. ఏదైనా తిని వెళ్ళిందో, తింటానంటే ఆవిడే వద్దందో... ఆ గుమ్మంలో ఏటి జరిగిందో ఆవిడ ఇంతవరకూ ఒక్క ముక్క చెప్పలేదు. నువ్వడుగు తల్లీ. నావల్ల కాదు."

భావన తలెత్తింది. గుమ్మంలో పైడమ్మ ఉంది. చేతిలో మాత్రలు, గ్లాసుతో నీళ్ళు. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు.

పైడమ్మ లోపలికొచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. భర్త ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ మంచం మీద ఆమె ఒక్కసారీ కూర్చోలేదు. ఇప్పుడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"కోడల్ని మధ్యలో పెట్టకండి," అంది. "నన్నే అడగండి."

ఆయన భార్య మొహంలోకి చూశాడు. అప్పుడే ఇంటి వెనక పట్టాల మీదికి గూడ్స్ బండి వచ్చింది. కిటికీ ఊచలు, బల్ల మీద గ్లాసు, మంచం కోళ్ళు అన్నీ అదురుతున్నాయి. ఏళ్ళ అలవాటు కొద్దీ ఇద్దరూ మాట ఆపి, బండి దాటేదాకా ఆగారు. పెట్టె వెనక పెట్టె. ఈసారి దానికి చివరంటూ లేనట్టుంది. భావన లేవబోతే పైడమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

చివరి పెట్టె దాటింది.

"ఆ పొద్దు పిల్ల ఏదైనా తిని వెళ్ళిందా పైడీ?" అని మల్లేశ్వరరావు అడిగాడు.